లేజర్‌తో అవాంఛిత రోమాల తొలగింపు: శ్రీకాకుళంలో మమ్మల్ని తరచుగా అడిగే ప్రశ్నలు

శ్రీకాకుళంలో ఒక చర్మవైద్యురాలి దగ్గర తొమ్మిదేళ్ళుగా నర్సుగా పనిచేస్తున్నాను. లేజర్ గదిలో డాక్టరమ్మ పక్కన నిలబడేది నేనే. ముందురోజు ఫోన్ చేసి జాగ్రత్తలు చెప్పేదీ, "చర్మం ఎర్రబడింది, భయంగా ఉంది" అంటూ రాత్రి పది గంటలకు వచ్చే ఫోన్లు ఎత్తేదీ నేనే. టెక్కలి, నరసన్నపేట, పొందూరు, పాలకొండ, ఎక్కడి నుంచి వచ్చినా ప్రశ్నలు దాదాపు ఒకటే. కొన్ని అందరి ముందూ అడుగుతారు. కొన్ని తల్లి బయటికి వెళ్ళాక గొంతు తగ్గించి అడుగుతారు. రెండు రకాలకూ ఇక్కడ జవాబులు రాశాను. డాక్టరమ్మ చదివి సరిదిద్దారు.

లేజర్ వెంట్రుకను ఎలా తీస్తుంది? కోస్తుందా, కాలుస్తుందా?

లేజర్ అంటే ఒకే రకమైన, గట్టి వెలుతురు. వెంట్రుకలో ఉండే నల్లటి రంగు పదార్థం, అంటే మెలనిన్, ఆ వెలుతురును పీల్చుకుని వేడెక్కుతుంది. రోహిణి కార్తెలో నల్ల చొక్కా వేసుకుని నడిస్తే ఒళ్ళు కాలిపోతుంది, తెల్ల చొక్కాకు అంత ఉండదు కదా, ఇదీ అలాంటిదే. ఆ వేడి వెంట్రుక వెంట కుదురులోకి దిగి, కొత్త వెంట్రుకను పుట్టించే కణాలను దెబ్బతీస్తుంది. ఇదంతా సెకనులో చిన్న భాగంలో జరిగిపోతుంది. చుట్టూ ఉన్న చర్మానికి వేడి పాకేలోపే వెలుతురు ఆగిపోవాలి. ఈ సూత్రాన్ని 1983లో అమెరికాలో ఆండర్సన్, ప్యారిష్ అనే ఇద్దరు వైద్యులు వివరించారు. రోమాలు తీసే యంత్రాలు 1990ల మధ్యలో వాడుకలోకి వచ్చాయి.

ఒక చిక్కు ఉంది. మెలనిన్ వెంట్రుకలోనే కాదు, చర్మంలోనూ ఉంటుంది. మన ప్రాంతం వాళ్ళు అడగవలసిన అసలు ప్రశ్న అక్కడే మొదలవుతుంది.

మాది చామనఛాయ. నలుపు అనుకోండి. మాకు లేజర్ పనికొస్తుందా?

పనికొస్తుంది. అయితే యంత్రం సరైనది కావాలి, చేసే మనిషికి తొందర ఉండకూడదు.

చర్మాన్ని ఎండకు స్పందించే తీరును బట్టి వైద్యులు ఆరు రకాలుగా విభజిస్తారు. మొదటిది పాలలాంటి తెలుపు, ఆరోది చిక్కటి నలుపు. మన జిల్లాలో ఎక్కువమంది నాలుగు, ఐదు రకాల్లోకి వస్తారు. చర్మంలో రంగు ఎక్కువగా ఉంటే వెంట్రుకకు చేరవలసిన వెలుతురులో కొంత చర్మమే తాగేస్తుంది. చర్మం కాలేది అప్పుడే.

యంత్రాల్లో తేడా వెలుతురు తరంగం పొడవులో ఉంటుంది. అలెగ్జాండ్రైట్ లేజర్‌ది 755 నానోమీటర్లు. తెల్లని చర్మానికి బాగా పనిచేస్తుంది, మన చర్మానికి ప్రమాదం ఎక్కువ. డయోడ్ లేజర్‌ది 800-810 నానోమీటర్లు. జాగ్రత్తగా వాడితే మనవాళ్ళలో చాలామందికి సరిపోతుంది. ఎన్డీ యాగ్ లేజర్‌ది 1064. ఇది పైచర్మం రంగును పెద్దగా పట్టించుకోకుండా లోతుకు దిగుతుంది కాబట్టి బాగా నల్లని చర్మానికి అన్నిటికంటే క్షేమం. కాకపోతే నొప్పి కాస్త ఎక్కువ, సన్నటి వెంట్రుకల మీద ప్రభావం తక్కువ. యంత్రం ఏదైనా నల్లని చర్మానికి వెలుతురును నెమ్మదిగా, కాస్త ఎక్కువ సేపు పరచి ఇవ్వాలి, పైన చల్లదనం ఉండాలి. మొదట చెవి వెనకో, గడ్డం కిందో రెండు మూడు చుక్కలు వేసి, కొన్ని రోజులు ఆగి చూసి, ఆ తరువాతే అసలు పని మొదలుపెట్టాలి.

ఇంత గట్టిగా ఎందుకు చెబుతున్నానంటే, ఈ ఉద్యోగంలో చేరకముందు వేరే ఊళ్ళో ఒక బ్యూటీ పార్లర్‌లో నేనే చేయి చాపాను. నా చర్మం ఎవరూ చూడలేదు, పరీక్షా చేయలేదు. సాయంత్రానికి మోచేతి కింద అగ్గిపెట్టె అంచుల్లా చతురస్రాలు తేలాయి. యంత్రం మొన ఎక్కడెక్కడ ఆనిందో లెక్కపెట్టుకునేంత స్పష్టంగా. బొబ్బలు తగ్గాయి గాని నల్ల మచ్చలు పోవడానికి ఎనిమిది నెలలు పట్టింది. ఆ ఎనిమిది నెలలూ పొడుగు చేతుల జాకెట్లే వేసుకున్నాను. మీ చేతికి అది జరగకూడదని కోరుకుంటున్నాను.

ఒక్కసారి చేస్తే పోదా? ఎన్ని సిట్టింగులు కావాలి?

చాలామందికి ఆరు నుంచి ఎనిమిది. ముఖానికైతే నాలుగు నుంచి ఆరు వారాలకొకసారి, చేతులు, కాళ్ళు, చంకలకైతే ఆరు నుంచి ఎనిమిది వారాలకొకసారి రావాలి. హార్మోన్ల తేడా ఉన్నవాళ్ళకు ఇంకా ఎక్కువ పడతాయి.

కలుపు తీసినవాళ్ళకు ఇది సులువుగా అర్థమవుతుంది. ఈ రోజు చేను శుభ్రంగా తీసినా, నేలలో ఉన్న గింజ పది రోజులకు మొలుస్తుంది. వెంట్రుకలూ అన్నీ ఒకేసారి పెరగవు. కొన్ని పెరుగుతుంటాయి, కొన్ని ఆగుతాయి, కొన్ని రాలిపోయి కుదురు నిద్రలో ఉంటుంది. లేజర్ దెబ్బ గట్టిగా తగిలేది పెరిగే దశలో, కుదురుకు అతుక్కుని ఉన్న వెంట్రుకకే. తలమీద 85-90 శాతం వెంట్రుకలు ఎప్పుడూ పెరిగే దశలోనే ఉంటాయి. కాళ్ళమీద ఆ భాగం చాలా తక్కువ. నిద్రలో ఉన్నవి లేచేదాకా ఆగి మళ్ళీ వేయాలి. వారం వారం చేస్తామనే వాళ్ళ దగ్గర డబ్బు వృథా, చర్మానికీ విశ్రాంతి ఉండదు.

మాఘమాసంలో పెళ్ళి పెట్టుకుని పుష్యమాసంలో వచ్చేవాళ్ళకు మేము లేజర్ మొదలుపెట్టం. నలుగు పెట్టే నాటికి చర్మం ఎర్రగా ఉంటే ఆ పిండి రాపిడికి ఇంకా మండుతుంది. పెళ్ళికి ఎనిమిది, పది నెలల ముందు రండి. అంత వ్యవధి లేకపోతే ఈసారికి మీకు అలవాటైన పద్ధతిలోనే కానిచ్చి, పెళ్ళయ్యాక తీరుబడిగా మొదలుపెట్టవచ్చు.

శాశ్వతంగా పోతాయని రాసి ఉంది. నిజమేనా?

అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ ఈ యంత్రాలకు ఇచ్చిన అనుమతిలో వాడిన మాట "శాశ్వత తగ్గింపు". అన్ని సిట్టింగులూ అయ్యాక తిరిగి వచ్చే వెంట్రుకల సంఖ్య బాగా తగ్గి, చాలాకాలం అలాగే ఉంటుందని దాని అర్థం. వచ్చేవి సన్నగా, లేతగా వస్తాయి. ఏడాదికి ఒకటి రెండు సార్లు మళ్ళీ వేయించుకోవలసి రావచ్చు. "ఒక్కటి కూడా మిగలదు, హామీ" అనే బోర్డు చూస్తే ఆ మెట్లు ఎక్కకండి.

నొప్పి ఎంత ఉంటుంది?

రబ్బరు బ్యాండు సాగదీసి చర్మం మీద వదిలితే ఎలా చురుక్కుమంటుందో అలా ఉంటుంది. చంకలు, పై పెదవి దగ్గర ఎక్కువ, కాళ్ళ మీద తక్కువ. వ్యాక్సింగ్ భరించినవాళ్ళు దీన్ని భరిస్తారు.

గదిలో ఏం జరుగుతుందో చెబుతాను. ముందు ముఖం కడుక్కోమంటాం. కాటుక, పౌడరు, క్రీము ఏదీ మిగలకూడదు, ఎందుకంటే నల్లటిది ఏదున్నా వెలుతురును పట్టేస్తుంది. కళ్ళకు ముదురు అద్దాలు పెడతాం, మేమూ పెట్టుకుంటాం. కనుబొమల కింద, కంటిగుంట లోపల లేజర్ వేయం. పుట్టుమచ్చల మీద తెల్ల పెన్సిల్‌తో కప్పుతాం. చల్లటి జెల్ రాస్తే మొదటిసారి అందరూ ఉలిక్కిపడతారు. యంత్రం మొన మంచుముక్కలా తగులుతుంది, ఒక శబ్దం, ఒక చురుకు, మళ్ళీ చల్లదనం. మధ్యమధ్య వెంట్రుక మాడిన కమురు వాసన వస్తుంది. పై పెదవి అయిదు నిమిషాల్లో అయిపోతుంది. రెండు కాళ్ళకూ గంట దాకా పట్టవచ్చు.

నొప్పి తెలియకుండా ముందుగా రాసే తిమ్మిరి క్రీము గురించి ఒక మాట గట్టిగా చెప్పాలి. మందుల దుకాణంలో కొని, ఇంట్లోనే రెండు కాళ్ళకూ మందంగా పూసి, పైన ప్లాస్టిక్ చుట్టుకుని రాకండి. మందు రక్తంలోకి ఎక్కువగా చేరితే గుండె లయ తప్పుతుంది, ఫిట్స్ రావచ్చు. అమెరికాలో ఇలాగే కాళ్ళకు పూసుకుని లేజర్‌కు బయలుదేరిన ఇద్దరు యువతులు చనిపోయారు. 2007లో అక్కడి ప్రభుత్వం హెచ్చరిక జారీ చేసింది. క్రీము అవసరమైతే క్లినిక్‌లోనే, చిన్న భాగానికే, మా కళ్ళ ముందే రాస్తాం.

సిట్టింగ్‌కు ముందు ఏం చేయాలి?

ముందురోజు షేవింగ్ చేసుకోండి. ఇది వినగానే తల్లులు అభ్యంతరం చెబుతారు: "అమ్మాయి ముఖానికి రేజరా? ఇంకా ముదురుగా వస్తాయి." రావు. రేజరు పైభాగాన్నే కోస్తుంది, కుదురును తాకదు. మొద్దుబారిన చివర పైకి రావడంతో గరుకుగా అనిపిస్తుంది, అంతే. వ్యాక్సింగ్, థ్రెడింగ్, పట్టకారుతో పీకడం మాత్రం నాలుగు వారాల ముందే మానాలి. కుదురులో వెంట్రుకే లేకపోతే లేజర్ దేన్ని పట్టుకుంటుంది?

ఎండ. రెండు వారాల ముందు నుంచీ, చేయించుకున్న రెండు వారాల తరువాత దాకా ఎండలో తిరగకండి. కళింగపట్నం సముద్రతీరంలో ఆదివారం గడిపి సోమవారం వచ్చేవాళ్ళను వెనక్కి పంపిన సందర్భాలు ఎన్నో. రథసప్తమికి అరసవల్లిలో వరుసలో నిలబడేవాళ్ళు ఆ మాట ముందే చెబితే తేదీ జరుపుతాం. పొలం పనికి వెళ్ళేవాళ్ళకు నేను చెప్పేది ఒకటే: కోతలు, నూర్పులు అయ్యాక మొదలుపెడదాం. పని మానుకోలేని మనిషికి ఎండలోకి వెళ్ళవద్దని చెప్పడం సలహా కాదు.

పచ్చబొట్టు ఉన్న చోట లేజర్ అసలు వేయం. మోచేతి మీద పచ్చబొట్టున్న పెద్దవాళ్ళు వస్తే ఆ భాగం పూర్తిగా వదిలేస్తాం. గోరింటాకు పండి ఉంటే అది పోయేదాకా ఆగుతాం, ఆషాఢంలో ఇది గుర్తుంచుకోండి.

వాడుతున్న మందులన్నీ చెప్పండి. మొటిమలకు వాడే డాక్సీసైక్లిన్, ఐసోట్రెటినాయిన్ వంటివి ముఖ్యం. పెదవి చుట్టూ జ్వరపొక్కులు వచ్చే అలవాటు, బొల్లి, దెబ్బ తగిలితే ఉబ్బిపోయే మచ్చలు, మంగు మచ్చలు ఉన్నా చెప్పాలి.

గడ్డం మీద, దవడ మీద ముదురు వెంట్రుకలు వస్తున్నాయి. లేజర్ చేస్తే సరిపోతుందా?

ముందు కారణం వెతకాలి. మా దగ్గరికి వచ్చే ఆడపిల్లల్లో ఎక్కువమంది ఈ సమస్యతోనే వస్తారు. చాలామంది ఆ మాట బయటికి చెప్పడానికి ముందు ఏళ్ళ తరబడి చున్నీతో గడ్డం కప్పుకుని తిరిగినవాళ్ళే.

నెలసరి రెండు మూడు నెలలకొకసారి రావడం, మొటిమలు తగ్గకపోవడం, బరువు పెరగడం, మెడ వెనక ముఖమల్‌లా నల్లబడటం, తలమీద జుట్టు పలచబడటం వంటివి కూడా ఉంటే పీసీఓఎస్, అంటే అండాశయాలకు, హార్మోన్లకు సంబంధించిన సమస్య, అయి ఉండవచ్చు. దీన్ని నిర్ధారించడానికి 2003లో రోటర్‌డామ్‌లో నిపుణులు మూడు లక్షణాలు పెట్టారు: నెలసరి క్రమం తప్పడం, మగ హార్మోన్లు ఎక్కువగా ఉండటం, స్కానింగ్‌లో అండాశయాల మీద చిన్న చిన్న నీటి బుడగలు కనిపించడం. ఇతర కారణాలు లేవని తేలాక, మూడింటిలో రెండు ఉంటే పీసీఓఎస్ అంటారు. థైరాయిడ్, ప్రొలాక్టిన్, టెస్టోస్టెరాన్, రక్తంలో చక్కెర పరీక్షలు కూడా రాస్తారు. హార్మోను అలాగే ఉంటే లేజర్ తీసిన చోటే పక్క కుదుళ్ళు మేల్కొంటాయి. మందులు, నడక, బరువు తగ్గడం, వీటి పక్కన లేజర్ ఉంటే ఫలితం నిలుస్తుంది. కొద్ది నెలల్లోనే వెంట్రుకలు ఒక్కసారిగా పెరిగి గొంతు కూడా మారితే ఆలస్యం చేయకుండా వైద్యుణ్ణి కలవాలి.

"పరీక్షలు వద్దమ్మా, సంబంధాలు చూస్తున్నాం, ఎవరికైనా తెలిస్తే..." అని తల్లులు నా చేయి పట్టుకుంటారు. ఆ భయం నాకు తెలుసు. రిపోర్టు మీ చేతిలోనే ఉంటుంది, మేము ఎవరికీ చెప్పం. పీసీఓఎస్ ఉన్నవాళ్ళు తల్లులవుతారు, చక్కగా కాపురాలు చేసుకుంటారు. దాచిపెట్టి మందు మానేస్తేనే ముందు ముందు చక్కెర వ్యాధి దాకా పోయే ప్రమాదం.

ఇంకో కారణం కూడా చూస్తున్నాం. తెల్లబడటానికని ఎవరో చెప్పిన ట్యూబు నెలల తరబడి ముఖానికి రాస్తారు. అందులో స్టిరాయిడ్ ఉంటే చర్మం పలచబడి, ఎర్రబడి, వెంట్రుకలు మొలుస్తాయి. ఇలాంటి పూతమందులు చీటీ లేకుండా అమ్మకూడదని 2018లో కేంద్రం నిబంధన తెచ్చింది. మీరు వాడే ట్యూబు ఖాళీదైనా సరే తీసుకురండి. ముందు దాన్ని మాన్పించాలి.

బుగ్గల మీద సన్నటి నూగు ఉంది. అది కూడా తీసేస్తారా?

సాధారణంగా తీయం. లేత నూగులో రంగు తక్కువ, లేజర్‌కు పట్టు దొరకదు. పైగా చాలీచాలని వేడి తగిలితే నిద్రలో ఉన్న కుదుళ్ళు లేచి, ఉన్నదానికంటే ముదురుగా రావచ్చు. బుగ్గలు, దవడ, మెడ భాగాల్లో, మనలాంటి చర్మంలో, హార్మోన్ల సమస్య ఉన్నవాళ్ళలో ఇది ఎక్కువగా కనిపిస్తుంది. డబ్బు తీసుకుని నూగును గడ్డంగా మార్చి పంపడం ఎవరికీ ఇష్టముండదు.

నెరిసిన వెంట్రుకలు పోతాయా?

పోవు. రంగు లేని వెంట్రుక లేజర్‌కు కనిపించదు. వాటికి ఎలక్ట్రోలిసిస్ ఉంది. ఒక్కో కుదురులోకి సన్నటి సూది దించి విద్యుత్తు ఇస్తారు. 1875లో ఒక అమెరికన్ కంటివైద్యుడు కంట్లోకి తిరిగిన రెప్ప వెంట్రుకలు తీయడానికి దీన్ని వాడాడు. నెమ్మది పనే గాని గడ్డం మీద నాలుగైదు తెల్ల వెంట్రుకలకు సరిపోతుంది.

గర్భసంచికి హాని అంటున్నారు. క్యాన్సర్ వస్తుందట కదా?

రెండూ నిజం కావు. ఈ వెలుతురు చర్మంలో కొన్ని మిల్లీమీటర్లే దిగుతుంది, గర్భసంచిని చేరే ప్రశ్నే లేదు. ఇది ఎక్స్‌రే లాంటి కిరణం కాదు, ఎండలోని అతినీలలోహిత కిరణమూ కాదు. గర్భిణులకు మాత్రం ప్రసవమయ్యేదాకా ఆగమని చెబుతాం. ఆ సమయంలో క్షేమమని చెప్పడానికి చాలినంత పరిశోధన లేదు, అప్పుడు పెరిగిన రోమాలు చాలావరకు వాటంతట అవే తగ్గుతాయి.

మా అమ్మాయికి పదమూడేళ్ళు. బడిలో ఏడిపిస్తున్నారు.

ఆ పిల్లను ఒకసారి తీసుకురండి. అవసరమైతే పరీక్షలు చేస్తాం, రేజరు క్షేమంగా వాడటం నేర్పుతాం. హార్మోన్లు కుదురుకోని వయసులో లేజర్ చేస్తే కొత్త వెంట్రుకలు వస్తూనే ఉంటాయి కాబట్టి చాలామందికి కొన్నేళ్ళు ఆగమంటారు డాక్టరమ్మ. ఏడిపించే సంగతి మాత్రం ఆగే పని కాదు, టీచరుతో ఆ వారమే మాట్లాడండి.

మగవాళ్ళు చేయించుకుంటారా?

చాలామంది. చెవులు, వీపు, గడ్డం గీత కోసం వస్తారు. గడ్డం గీసినప్పుడల్లా మెడ మీద పొక్కులు లేచేవాళ్ళకు ఇది మంచి ఉపశమనం. తోక ఎముక దగ్గర వెంట్రుకలు లోపలికి పొడుచుకుని చీము పట్టే పైలోనిడల్ సైనస్‌కు శస్త్రచికిత్స అయ్యాక, మళ్ళీ రాకుండా సర్జన్లే లేజర్‌కు పంపుతుంటారు.

ఆన్‌లైన్‌లో దొరికే ఇంటి పరికరం కొనమంటారా?

వాటిలో ఎక్కువ భాగం లేజర్ కాదు, ఐపీఎల్. అనేక తరంగాలు కలిసిన మెరుపు. పెట్టె మీద చర్మం రంగుల పట్టీ ఉంటుంది, ముదురు రంగులకు వద్దని అక్కడే రాసి ఉంటుంది. మీ చేయి ఆ పట్టీ పక్కన పెట్టి చూసి తరువాత నిర్ణయించుకోండి.

విశాఖపట్నం వెళ్ళాలా? మంచి చోటు అని ఎలా తెలుస్తుంది?

ఊరు పెద్దదా చిన్నదా అని కాదు, చేసే మనిషి ఎవరని చూడండి. డాక్టరు పేరు పక్కన చర్మవ్యాధుల్లో ఎండీ, డీడీవీఎల్ లేదా డీఎన్‌బీ ఉందా? వైద్య మండలి రిజిస్ట్రేషన్ నంబరు చెబుతారా? యంత్రం పేరు, తరంగం అడిగితే విసుక్కోకుండా చెబుతారా? చిన్న చుక్క పరీక్ష చేస్తారా? ప్రతిసారీ ఎంత శక్తితో వేశారో మీ కార్డులో రాస్తారా? ఆ కార్డు ఉంటే రేపు మీరు ఊరు మారినా మరో డాక్టరు అక్కడి నుంచే కొనసాగించగలరు. ఎనిమిది సార్లు విశాఖకు బస్సు ఎక్కి దిగడం తేలిక కాదు, ఆ అలసటకే మధ్యలో మానేసినవాళ్ళు ఉన్నారు. కారణం తెలుసుకోవడానికైతే రిమ్స్ అని మనం పిలిచే ప్రభుత్వ ఆసుపత్రిలో చర్మవ్యాధుల ఓపీ ఉంది.

ఖర్చు?

భాగం విస్తీర్ణం, యంత్రం, సిట్టింగుల సంఖ్యను బట్టి మారుతుంది. అందం కోసం చేసే చికిత్స కాబట్టి ఎన్టీఆర్ వైద్య సేవ కార్డు గాని, మామూలు బీమా గాని వర్తించవు. పన్నుతో కలిపి మొత్తం ఎంతో కాగితం మీద రాయించుకోండి. మొత్తం ప్యాకేజీ మొదటిరోజే కట్టకండి. రెండు సిట్టింగులకు కట్టి, చర్మం ఎలా ఉందో చూసి మిగతాది ఆలోచించండి.

చేయించుకున్న తరువాత ఎలా ఉంటుంది? మచ్చ పడితే?

కుదుళ్ళ చుట్టూ చిన్న చిన్న ఎర్రటి ఉబ్బులు వస్తాయి. అది మంచి గుర్తే, కొన్ని గంటల్లో లేదా ఒకటి రెండు రోజుల్లో తగ్గుతుంది. వారం, పది రోజులకు మిరియాల పొడి చల్లినట్టు నల్ల చుక్కలు పైకి వస్తాయి. చూసి, "మళ్ళీ పెరుగుతున్నాయి" అని ఫోన్ చేస్తారు. పెరగడం కాదు, మాడిన వెంట్రుకలను చర్మం బయటికి నెడుతోంది. పీకకండి, గోకకండి, వాటంతట అవే రాలిపోతాయి. రెండు రోజులు వేడినీళ్ళ స్నానం, సున్నిపిండి రాపిడి వద్దు.

బొబ్బ లేస్తే చిదమకండి. టూత్‌పేస్టు, సిరా, పసుపు, ఏవీ పూయకండి. చల్లటి తడిగుడ్డ వేసి అదే రోజు ఫోన్ చేయండి. వెంటనే చూస్తే మచ్చ పడే అవకాశం తగ్గుతుంది. మన చర్మంలో కాలిన చోట నల్లబడటం మామూలు, నెలల మీద తగ్గుతుంది. తెల్లబడితే ఇంకా ఎక్కువకాలం పట్టవచ్చు. మీకు చేసినవాళ్ళు "ఏం కాదులే" అని కొట్టిపారేస్తే మరో చర్మవైద్యుడి దగ్గరికి వెళ్ళండి.

మొదటిరోజు ఏం తెచ్చుకోవాలి?

పాత రిపోర్టులు, వాడుతున్న మందుల చీటీలు, క్రీముల ట్యూబులు. ముందురోజు షేవింగ్ చేసుకుని రండి. వదులైన నూలు బట్టలు వేసుకోండి. ఎస్‌పీఎఫ్ 30 గాని అంతకంటే ఎక్కువ గాని ఉన్న సన్‌స్క్రీన్ ఒకటి సంచిలో ఉండాలి. ఆమదాలవలస స్టేషన్‌లో దిగి వచ్చేవాళ్ళకు మధ్యాహ్నం ఎండ తప్పించేలా ఉదయం తొమ్మిదిన్నరకే సమయం ఇస్తున్నాం. తిరిగి వెళ్ళేటప్పుడు ఆటోలో ఎండ పడే వైపు కూర్చోకండి. గొడుగు మరిచిపోతే అడగండి, గది మూలలో మీ కోసమే నాలుగు పెట్టి ఉంచాం.